బ్యాంకు ఓకే అంటే ఇల్లు ఓకేనా?

మా వైపు సర్వేయర్ అంటే పొలం కొలిచే ఆయన. గొలుసు పోయి మెషీన్ వచ్చింది కానీ పని అదే. హద్దురాయి ఎక్కడుందో తేల్చి వెళ్లిపోతాడు. కొనబోయే ఇంటి గోడ తట్టి చూసి, స్లాబు కింద నిలబడి తల పైకెత్తి, ఏది బాగుంది ఏది బాగాలేదు అని రాసిచ్చే మనిషికి మన దగ్గర సరైన పేరు కూడా లేదు.

నేను సివిల్ డిప్లొమా చేసి, బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న ఒక వాల్యుయర్ దగ్గర సైట్ పనులు చూస్తుంటాను. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్.. వారంలో మూడు ఊళ్లూ తిరగాల్సిందే. బ్యాగులో టేపు, టార్చి, ఒక స్క్రూడ్రైవర్. ఇల్లు కొనేవాళ్లు నన్ను పక్కకు పిలిచి అడిగేది ఒకటే మాట: “తమ్మీ, ఇల్లు మంచిగనే ఉన్నదా?”

నేను నింపే ఫారంలో ఆ ప్రశ్నే లేదు.

ఏముంటుందో చెప్తాను. డాక్యుమెంటులో ఉన్న హద్దులు, సైట్ మీద ఉన్న హద్దులు ఒకటేనా? ఎన్ని గజాలు, కట్టింది ఎన్ని చదరపు అడుగులు? ముందు రోడ్డు వెడల్పెంత? పర్మిషన్ ఉందా, ఇంటి నంబర్ ఉందా? రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్కలో విలువెంత, బయట మార్కెట్లో ఎంత? మామూలుగా అమ్మితే ఎంతొస్తుంది, అర్జెంటుగా అమ్మాల్సి వస్తే ఎంతొస్తుంది? చివర్న ఫొటోలు, లొకేషన్. ఆ తర్వాత చిన్న అక్షరాల్లో ఒక పేరా ఉంటుంది: కంటికి కనిపించినంత వరకే చూశాం, పునాదినిగానీ స్ట్రక్చర్‌నుగానీ పరీక్షించలేదు అని. ఆ పేరా చదివినవాళ్లను నేనింతవరకూ చూడలేదు.

అర్జెంటుగా అమ్మితే ఎంత అన్న ప్రశ్న దగ్గరే మీకు అర్థమైపోవాలి, ఈ రిపోర్టు ఎవరి కోసమో. మీరు ఈఎంఐ ఎగ్గొడితే ఆ ఇల్లు అమ్మి డబ్బు రాబట్టుకోవచ్చా అన్నది బ్యాంకు అనుమానం. అందులో తప్పేం లేదు, డబ్బు వాళ్లది. 30 లక్షల లోపు హోమ్ లోన్ అయితే ఇంటి విలువలో 90 శాతం దాటి ఇవ్వొద్దని ఆర్‌బీఐ రూల్. విలువ తెలియకుండా శాతం ఎలా కడతారు? అందుకే ఈ రిపోర్టు. ఫీజు మీ జేబులోంచి పోతుంది, కాగితం వాళ్ల ఫైల్లోకి పోతుంది. చాలామంది కొన్నవాళ్లు దాన్ని కళ్లతో కూడా చూడరు. లోన్ శాంక్షన్ అయిందన్న మెసేజ్ రాగానే ఇల్లు గట్టిదే అనుకుంటారు.

ఇంటి వయసు లెక్క ఇంకా తమాషా. ఒక ఆర్‌సీసీ ఇంటికి 60 ఏళ్ల ఆయుష్షు అనుకుంటాం. చివర్లో పాత ఇనుము, తలుపులకు ఓ పది శాతం విలువ మిగులుతుందనుకుని, మిగతా తొంభై శాతాన్ని ఏళ్ల మీద పంచుతాం. అంటే 20 ఏళ్ల ఇల్లు అయితే 30 శాతం తరుగు. స్లాబు పెచ్చులూడి లోపలి చువ్వలు తుప్పుపట్టి కనిపిస్తున్నా 30 శాతమే. రోజూ కడిగి, ఏటా సున్నం వేసి కాపాడుకున్న ఇంటికీ అంతే. తేడా రాయాలనుకుంటే రిమార్క్స్ అని ఒక చిన్న గడి ఉంటుంది. చాలా రిపోర్టుల్లో అందులో కనిపించేది ఒకటే పదం, ‘సంతృప్తికరం’.

పాత ఇళ్ల దగ్గర ఇంకో పదం వస్తుంది. ‘బిల్డింగ్ విలువ: నిల్’.

పాతూళ్లలో రాతిగోడల మిద్దె ఒకటి అమ్మకానికి వస్తుంది. కొనేవాళ్లకు కావాల్సింది స్థలం. బ్యాంకుకూ స్థలమే లెక్క. మేము బిల్డింగ్‌కు సున్నా వేస్తాం, స్థలానికి విలువ కడతాం, లోన్ వస్తుంది. కానీ కొత్తిల్లు కట్టడానికి వెంటనే డబ్బులుండవు కదా. “రెండేండ్లు ఇందులోనే ఉంటం అన్నా, తర్వాత పడగొట్టి కడతం” అంటారు. లేదంటే కిరాయికిస్తారు. సున్నా అనేది డబ్బు లెక్క. ఆ గదిలో పిల్లలను పడుకోబెట్టొచ్చా లేదా అన్న సంగతి ఆ సున్నాలో ఎక్కడా రాసి ఉండదు.

నేను ఊరికే భయపెట్టడం లేదు. 2020 అక్టోబర్‌లో వనపర్తి జిల్లా గోపాల్‌పేట మండలం బుద్ధారంలో రాత్రి నిద్రలో పాత ఇంటి పైకప్పు కూలి ఒకే కుటుంబంలో ఐదుగురు చనిపోయారు. ఏడాది తిరక్కముందే, 2021 అక్టోబర్‌లో గద్వాల జిల్లా అయిజ మండలం కొత్తపల్లిలో వానలకు నానిన గోడ కూలి ఐదుగురు. 2024 జులై 1న నాగర్‌కర్నూల్ మండలం వనపట్లలో మట్టి మిద్దె కూలి ఒక తల్లి, ముగ్గురు పిల్లలు. నేను తిరిగే మూడు జిల్లాల్లో మూడూ ఉన్నాయి. వీళ్లు కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు కాదు, ఉన్న ఇంట్లో ఉన్నవాళ్లు. కానీ అలాంటి ఇళ్లే చేతులు మారుతున్నాయి, నేను వెళ్లి కొలుస్తున్నాను.

మట్టి మిద్దె ఎందుకు కూలుతుందో తెలిస్తే చూడాల్సిన చోటు తెలుస్తుంది. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలో బండలో పరిచి, పైన మట్టి కొడతారు. కురిసినప్పుడల్లా, ఏటా వానలకు ముందు ఇంకో పొర మట్టి వేస్తారు. పాత పొర తియ్యరు. పది అడుగులు, పన్నెండు అడుగుల గది మీద ఆరంగుళాల మందం మట్టి ఉంటే ఎండినప్పుడే దాదాపు మూడు టన్నులు. అంటే రెండు ఇన్నోవాలకు కొంచెం తక్కువ. తాతల కాలం నుంచీ పొరలు పడ్డ ఇళ్లలో అడుగు మందం కూడా చూశాను. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే మట్టి నీళ్లు తాగి బరువెక్కుతుంది, అదే నీళ్లకు మట్టిగోడ మెత్తబడుతుంది. పైన బరువు పెరిగే టైమ్‌లోనే కింద బలం తగ్గుతుంది.

దూలం మధ్యలో చూసి గట్టిగా ఉందనుకుంటారు అందరూ. అది గోడలోకి దూరే చోట చూడాలి. చెమ్మ, చెదలు రెండూ చేరేది అక్కడే. స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగిందంటే ఆ గది ఖాళీ చేయాల్సిందే. ఈ పనికి అయ్యే ఖర్చు స్క్రూడ్రైవర్ ధరే.

ఇలాంటివన్నీ చూసి రాసే పద్ధతి వేరే దేశాల్లో ఉంది. బ్రిటన్‌లో ఇల్లు కొనేవాళ్లు తమ కోసం తామే సర్వేయర్‌ను పెట్టుకుంటారు. ఆర్‌ఐసీఎస్ అనే సంస్థ దానికి మూడు లెవల్స్ పెట్టింది. పాత ఇల్లు, మార్పులు చేర్పులు జరిగిన ఇల్లు అయితే మూడో లెవల్. చూరు నుంచి మురుగు కాలువ దాకా ఒక్కోదానికి 1, 2, 3 అని రేటింగ్ ఇస్తారు. 1 అంటే ఇప్పటికి ఫర్వాలేదు. 3 అంటే వెంటనే పట్టించుకోవాలి. చూడలేకపోయిన భాగాన్ని చూడలేదనే రాస్తారు. స్కాట్లండ్‌లో 2008 డిసెంబర్ నుంచి అమ్మేవాళ్లే ఇలాంటి రిపోర్టు తయారుచేసి కొనేవాళ్ల ముందు పెట్టాలి.

అక్కడా జనం మనలాగే ఆలోచించారు లెండి. నార్విచ్ అనే ఊళ్లో ఒకావిడ లోన్ ఇచ్చే సంస్థ వాల్యుయేషన్‌ను నమ్మి ఇల్లు కొన్నారు. కింద పొగగూటి గోడలు అంతకుముందే ఎవరో తీసేశారు, పైన ఇటుకలకు ఆధారం లేదు, వాల్యుయర్ అది చూడలేదు. ఏడాదిన్నర తర్వాత ఆ ఇటుకలు కూలి పడకగదిలో పడ్డాయి. 1989లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లిన ఈ కేసులో వాల్యుయర్‌దే బాధ్యత అని తీర్పొచ్చింది. సాధారణ ఇల్లు కొనేవాళ్లు ఆ రిపోర్టునే నమ్ముతారని వాల్యుయర్‌కూ తెలుసు కదా, చిన్న అక్షరాల పేరా చూపించి తప్పించుకోవడం కుదరదన్నారు. ఈ కేసు గురించి చదివాక రిమార్క్స్ గడిలో ‘సంతృప్తికరం’ అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

మన చట్టం సంగతీ ఒకసారి చూడండి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాడు తనకు తెలిసిన ముఖ్యమైన లోపాలు చెప్పాలి. కానీ అది కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం అయితేనే. గోడ మీద పగులు కళ్లెదురుగా ఉంటే చూసుకోవాల్సింది మీరే. రెరా చట్టంలో ఐదేళ్లలోపు స్ట్రక్చర్ లోపం బయటపడితే బిల్డర్ ఉచితంగా బాగుచేయాలని ఉంది. అది వెంచర్లకు, అపార్ట్‌మెంట్లకు. ఎవరో పదిహేనేళ్లు ఉండి అమ్మే ఇంటికి రెరా రాదు.

అందుకే ఈమధ్య తెలిసినవాళ్లు అడిగితే, బ్యాంకు పనితో సంబంధం లేకుండా, ఆదివారం వెళ్లి ఒక కాగితం రాసిస్తున్నాను. తెలుగులోనే. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ స్కెచ్ పెన్నులతో. అమ్మేవాళ్లకు నా రాక నచ్చదు. “ఇల్లు చూడనీకి వచ్చినవా, పిల్లను చూడనీకి వచ్చినవా?” అని వనపర్తిలో ఒక పెద్దాయన ముఖం మీదే అన్నాడు. ఆయన ఇంట్లో ఒక్క గదికే కొత్త రంగు వేశారు. మిగతా ఇల్లంతా పాత సున్నమే. ఒక్క గదికే రంగు వేశారంటే నేను ఎక్కువసేపు ఉండేది ఆ గదిలోనే. రూపాయి బిళ్లతో స్లాబు తట్టితే డొల్ల శబ్దం వచ్చింది. పుట్టీ కింద కాంక్రీటు వదిలేసింది. ఎరుపు.

వనపర్తిలో తరచూ కనిపించేది ఇంకోటుంది. కిందిది మట్టితో కట్టిన రాతిగోడ, బయట సిమెంటు పూత, పైన తర్వాతెప్పుడో పోసిన స్లాబు. చూడటానికి కొత్తింటిలా ఉంటుంది. లోపలికి దిగిన నీళ్లు సిమెంటు పూత వల్ల బయటికి ఆరవు. కింద మూడడుగుల దాకా ఉప్పు పొక్కిందంటే లోపల మట్టి తడిగా ఉందని అర్థం.

నల్లరేగడి నేలల్లో లెక్క వేరు. నడిగడ్డ ఊళ్లలో ఎండాకాలం నేల నోరు తెరుస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. పునాది లోతుగా లేకపోతే కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు వస్తుంది. ఆగస్టులో చూస్తే ఆ పగులు మూసుకుని బుద్ధిగా ఉంటుంది. అందుకే అగ్రిమెంటు రోజు పగులుకు రెండువైపులా పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేసి, స్కేలు పెట్టి ఫొటో తీసుకోమంటాను. రిజిస్ట్రేషన్‌కు నెలా రెణ్నెల్లు టైమ్ ఉంటుంది కదా, మళ్లీ కొలవండి. కదిలే పగులు ఎరుపు, కదలనిది పసుపు. తుంగభద్ర ఒడ్డు ఊళ్లయితే పక్కింటివాళ్లను అడగాల్సిన ప్రశ్న ఇంకోటి, 2009 అక్టోబర్ వరదకు నీళ్లు ఎందాక వచ్చినయ్ అని. రాజోలి లాంటి ఊళ్లలో ఎవరినడిగినా చేత్తో గోడ మీద చూపిస్తారు.

నాగర్‌కర్నూల్ వైపు నాకు ఎక్కువగా కొత్త ఇళ్లే తగులుతున్నాయి. అక్కడ అనుమానం గోడల మీద కాదు, కింద నింపిన మట్టి మీద. నేల మీద టైల్స్ ఒక మూలకు వాలుతున్నాయేమో గోలీ వదిలి చూస్తాను. ఇంటి ఓనర్ల పిల్లలు గోలీ కోసం నా వెంటే తిరుగుతారు.

మొన్న గద్వాలలో చూసింది ఒక నేతింటి కుటుంబం వాళ్ల పాత ఇల్లు. ఇప్పుడు మగ్గం లేదు. కొనే అబ్బాయి నా వయసువాడే, హైదరాబాద్‌లో ఉద్యోగం. అమ్మానాన్నల కోసం కొంటున్నాడు. గోడలు బాగున్నాయి, స్లాబు బాగుంది, ఆకుపచ్చ మీద ఆకుపచ్చ పెట్టుకుంటూ పోయాను. ముందుగదిలో అడుగుపెడితే ఒకచోట మాత్రం టైల్ కింద గుల్ల శబ్దం. అడిగితే ఆ ఇంటి ముసలమ్మ చెప్పింది, అక్కడ గుంటమగ్గం ఉండేదట. మగ్గం తీసేశాక గుంటను ఇటుక ముక్కలు, చెత్తమన్నుతో నింపి పైన టైల్స్ వేశారట. గుంట సరిగ్గా గోడ పక్కనే ఉంది. గుంట నిండుగా కూరలేదు కాబట్టి వాననీళ్లు చేరితే గోడ పునాది పక్కన మన్ను జారుతుంది. టైల్స్ తీసి, చెత్త ఎత్తేసి, మొరం పోసి నీళ్లు కొట్టి దిమ్మిస చేస్తే సరిపోతుంది. పసుపు పెట్టాను. పనికి అయ్యే ఖర్చు పక్కన రాశాను. ఆ మేరకు రేటు తగ్గించడానికి ముసలమ్మ కొడుకు ఒప్పుకున్నాడు కూడా.

ఆ అబ్బాయి నా కాగితాన్ని ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. రెండు నిమిషాల్లో వాళ్ల మామ రిప్లై వచ్చింది. “అదంతా సరే అల్లుడూ, బోరు ఈశాన్యంలోనే ఉన్నదా?”

ఉంది. అది కూడా కాగితం అడుగున రాసిచ్చి, ఆకుపచ్చ పెట్టి వచ్చాను.