నటుని సంసారము

నటవిటగాయకులని మన పెద్దలు మూడు పేళ్లను ఒక్కత్రాట గట్టి వాడుచు వచ్చిరి. ముగ్గురును ఒక్క పాదున మొలచిన కలుపు మొక్కలే యని వారి భావము. నాటకములాడువానికి పిల్లనీయరాదనియు, వాని కొంప కొంపకాదనియు, వాని మాట నీటిమూటయనియు నేను బాల్యముననే వింటిని. కాళిదాసును పాఠము చెప్పి పొట్టపోసికొనుచున్న నేనును, ఆ కాళిదాసు నాటకమును ఆడువాడు మాత్రము తక్కువవాడని చాలకాలము తలచితిని. ఈ వెఱ్ఱిని నాకు వదలించినవాడు ఒక ఆంగ్లేయనటుడు. ఆయనను నేను కన్నులార చూచి యెఱుగను. ఆయన పేరు టిమొతీ వెస్టు.

ఆయన 1934వ సంవత్సరము అక్టోబరు 20వ తేదీని యార్కుషైరులోని బ్రాడ్‌ఫర్డు పట్టణమున పుట్టెను. తల్లియు తండ్రియు నటులే. అయినను ఆయన తిన్నగా రంగ మెక్కలేదు. కొన్నాళ్లు కచేరీలకు కావలసిన మేజాలు, కుర్చీలు అమ్మెను. కొన్నాళ్లు ధ్వనిముద్రణశాలలో పనిచేసెను. 1956లో లండనునందలి వింబుల్డన్ నాటకశాలలో రంగనిర్వాహకునికి సహాయకుడుగా చేరి, తెరవెనుక చాకిరితో విద్యారంభము చేసెను. అటుపిమ్మట షేక్‌స్పియరు పాత్రలనేకము ధరించెను. లియరు రాజు వేషమును మొదట 1971లో, ముప్పదియేడేండ్లు నిండకమునుపే వేసెను. 1975లో టెలివిజనులో పదుమూడు భాగములుగా వచ్చిన కథలో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తియై దేశమంతటికిని తెలిసినవాడయ్యెను. 1979లో చర్చిలు పాత్ర ధరించెను. 1984లో ప్రభుత్వమువారు సి. బి. ఇ. బిరుదము నిచ్చిరి. ఇట్టి కీర్తి పలువురు నటులకు కలదు. నేను చెప్పదలచినది ఆయన సంసారమును గూర్చి.

ఆయన తొలి వివాహము నిలువలేదు. దానిని దాచి ఆయనను శ్రీరామచంద్రుని చేయుట నా యుద్దేశము కాదు. 1961లో ఒక టెలివిజను నాటకపు అభ్యాసములో ప్రునెల్లా స్కేల్సు అను నటీమణితో పరిచయము కలిగెను. 1963లో ఆమెను పెండ్లాడెను. ఇద్దరు కొడుకులు కలిగిరి. ఇద్దరికిని వృత్తి యొక్కటే. ఒకరు ఒక యూర నాడుచుండగా మరియొకరు వేఱొక యూర నాడుచుందురు. ఊరూర తిరుగు నాటకసమాజములతో పోవునప్పుడెల్ల ఆయన భార్యకు ఉత్తరములు వ్రాసెడివాడు. అవి 1994లో పుస్తకముగా వచ్చినవి. ఆ పుస్తకపు పేరునకు తెలుగు చెప్పవలెనన్న, ‘నే నిక్కడ నున్నాననుకొందును, నీ వెక్కడ?’ అని చెప్పవలెను. పేరు పరిహాసమునకు పెట్టినదే. కాని పాఠకులారా, దానిని కొంచెము జ్ఞాపకముంచుకొనుడు.

ఈ దంపతులలో లోకము మున్ముందుగా గుర్తుపట్టినది ఆమెనే. ‘ఫాల్టీ టవర్సు’ అను హాస్యనాటకము 1975లో ఆఱు భాగములు, 1979లో ఆఱు భాగములు, వెరసి పండ్రెండు మాత్రమే వచ్చెను. అందులో పూటకూళ్లయింటి యజమానురాలు సిబిలుగా ఆమె వేసిన వేషము దేశదేశములలో నిలిచిపోయెను. మన యిండ్లలో భార్య పేరు పత్రికలో పడినచో భర్త ముఖము చిన్నబోవుట నేనెఱుగుదును. వెస్టు తన వ్రాతలలోను మాటలలోను ఆమె గొప్పతనమును తానే ముందుగా చాటుచుండెడివాడు.

వార్ధకమున ఆమెకు మఱపు పట్టుకొనెను. మెదడునకు రక్తము సరిగా అందకపోవుటచే కలుగు వ్యాధి యది. వాక్యములను కంఠస్థము చేయుటయే జీవనమైన మనిషికి ఇంతకంటె క్రూరమైన రోగము మరియొకటి కలదా? 2014లో వారు దీనిని లోకమునకు బాహాటముగా తెలియజేసిరి. ఆ యేడే వారిరువురును పడవలో కాలువలవెంట సాగు యాత్రలు టెలివిజనులో మొదలయ్యెను.

కాలువలు వారికి క్రొత్తవి కావు. దశాబ్దములుగా వారికి పొడవైన యిరుకుపడవ యొకటి కలదు. పాడుపడిన కెన్నెట్, ఏవన్ కాలువను బాగుచేసి 1990లో మఱల తెఱచినప్పుడు దానిపై మొదట ఆద్యంతము పయనించినవారిలో వీరు నుండిరి. అది ఎనుబదియేడు మైళ్ల కాలువ. డివైజెస్ వద్ద రెండుమైళ్లలోపలనే ఇరువదితొమ్మిది లాకులు. గోదావరి కాలువలయొడ్డున పెరిగిన నాకు లాకనగా వేఱుగా చెప్పనక్కఱలేదు. కాని అక్కడ పడవవారే దిగి తలుపులు త్రోసికొనవలెను. ఆయన చుక్కాని పట్టును. ఎనుబదియేండ్లు దాటిన ఆమె గట్టుమీద నిలిచి లాకుతలుపు దూలమునకు వీపు నానించి త్రోయును. నిన్న చూచిన యూరు నేడామెకు జ్ఞప్తియుండదు. అయినను ఎదుటనున్న కొంగను, చెట్టును, నీటిపై యెండను చూచి పసిబిడ్డవలె ఆనందించును. ఆమె మఱచినదానిని ఆయన విసువులేక మరల చెప్పును. మాట తడబడినచో సర్దునుగాని కప్పిపుచ్చడు.

ఇది చూచిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఏలయన, మా తల్లికిని తుదిదినములలో ఈ మఱపే కలిగెను. వచ్చినవారిని ‘భోజనమైనదా నాయనా’ యని గడియకు నాలుగుమారులు అడిగెడిది. నేను సిగ్గుపడితిని. చుట్టములు వచ్చిన దినమున ఆమెను పెరటివైపు గదిలో కూర్చుండబెట్టి తలుపు చేరవైచితిని. మా తండ్రిగారు నాకు విరుద్ధముగా, ప్రతియుదయమును వెనుకవసారాలో కూర్చుండి ఆమెకు తలదువ్వి జడవేసెడివారు. ఒకనాడు నేను, ‘నాన్నగారూ, చూచువారు నవ్వుచున్నారు; పనిమనిషి నెవరినైన పెట్టెదను’ అంటిని. ఆయన దువ్వెన ఆపలేదు. ‘ఏబదియేండ్లు నా విస్తరిముందు ఆమె నిలిచినది. ఆమె తలవెనుక నాలుగునాళ్లు నేను కూర్చుండరాదా?’ అనిరి. అప్పుడు దానిని ముసలివాని చాదస్తమనుకొంటిని. సప్తపదికి సఖ్యము ఫలమని తరగతిలో చెప్పుచుండిన పండితుడను నేను; దాని యర్థము తెలిసినవారు బడి ముఖమే యెక్కువగా చూడని మా తండ్రిగారు.

భర్తకు జబ్బుచేసినచో భార్య సేవచేయుట ధర్మమందుము. భార్యకు జబ్బుచేసి భర్త సేవచేసినచో దానిని వింతయందుము, లేదా గొప్ప త్యాగమని పొగడుదుము. రెండును తప్పే. ఒకరికి విధియైనది ఇంకొకరికి దయ యెట్లగును?

2016లో, ఎనుబదియొకటవయేట, వెస్టు బ్రిస్టలులో అక్కడి నాట్యవిద్యార్థులతోకూడి మఱల లియరు వేషము వేసెను. మతి చలించి, ప్రియపుత్రికనే వెంటనే పోల్చుకొనలేని ముసలిరాజు పాత్ర యది. దానికొఱకు ఆ వయసున వందలకొలది పంక్తులు నోటికి పట్టవలెను. రంగముమీద తాను మఱచినవాడుగా నటించుటయు, ఇంటికి వచ్చి నిజముగా మఱచుచున్న భార్యయెదుట ఏమియు నటింపకుండుటయు ఆయన నిత్యకృత్యములయ్యెను. ఈ రెండవదియే కష్టము. మన భాషలో పాత్రయనగా వేషమును, గిన్నెయు గూడ. వేషము దించినపిమ్మట లోపల ఏమి మిగులునో అప్పుడే తెలియును.

2024 నవంబరు 12వ తేదీని తొంబదవయేట వెస్టు కన్నుమూసెను. అఱువదియొక్క సంవత్సరముల కాపురము. 2025 అక్టోబరు 27వ తేదీని తొంబదిమూడవయేట ఆమెయు పోయెను. చనిపోవుటకు ముందునాడు తన ‘ఫాల్టీ టవర్సు’నే ఆమె చూచెనని ఆమె బిడ్డలు చెప్పిరి.

నీ వెక్కడ? అని ఆయన పూర్వము పరిహాసమున కడిగిన ప్రశ్న వార్ధకమున నిజమైన ప్రశ్నయయ్యెను. ఆయన దానికి జవాబు వెదకుచు, ఆమెను పదుగురిలోనికి, వెలుతురులోనికి, నీటిమీదికి తీసికొనిపోయెను. మా తల్లియు, ‘నేనెక్కడ ఉన్నాను నాయనా?’ యని నన్ను పలుమారు లడిగెడిది. నేను జవాబు చెప్పుటకు మారు తలుపు చేరవైచితిని. ఆ గది యిప్పుడు ఖాళీగానున్నది. తలుపు తెఱచియే యుంచుచున్నాను. మీ యిండ్లలో అట్టి గది యేదైన నున్నచో, అందులో మనిషి యుండగనే తెఱవుడని నా మనవి.