చేప ఎండిందా?

ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో సీ భాషలోని ఫాక్టోరియల్ ప్రోగ్రామును పొల్లుపోకుండా అప్పజెప్పగలిగేవాణ్ణి. వైవాలో ఎగ్జామినరు గారు అడిగారు: "ఐదు ఇస్తే మొట్టమొదటి గుణకారం ఏ రెండింటి మధ్య జరుగుతుంది?" ఐదుకీ నాలుగుకీ అన్నాను. ఆయన నవ్వి నా రికార్డు మూసేశారు.

రికర్షన్ అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం. ఆ పిలుపు నాకెన్నడూ కష్టమనిపించలేదు. ఏడు చేపల కథ వింటూ పెరిగినవాళ్ళం కదా! చేప గడ్డిమేటును చూపుతుంది, మేటు ఆవును, ఆవు పాలేరును. ఒకే ప్రశ్న అలా చేతులు మారి చీమ దగ్గర ఆగుతుంది. (చీమే లేకపోతే కథ తెల్లవార్లూ సాగేది, సీలోనైతే స్టాక్ నిండి ప్రోగ్రాము కూలుతుంది.)

చాలా ఏళ్ళకు మా మేనకోడలికి ఆ కథ చెప్పి ముగించాననుకుంటే, "మరి చేప ఎండిందా మామయ్యా?" అంది. జవాబు లేదు. మన కథలో చీమ దాకా వెళ్ళడమే ఉంది, తిరిగి రావడం లేదు. రికర్షన్‌ను కూడా నేను అంతవరకే చదివానని ఆ రాత్రి తట్టింది.

1978లో వచ్చిన కెర్నిఘాన్, రిచీల పుస్తకంలో సంఖ్యను అంకెలుగా అచ్చువేసే చిన్న ఫంక్షన్ ఒకటుంది. 472 ఇచ్చామనుకోండి. పదితో భాగిస్తే ముందు చేతికొచ్చే శేషం 2. తెరమీద ముందు పడవలసింది 4. అందుకని ఫంక్షన్ తన 2ను అట్టేపెట్టుకుని, 47ను మరో పిలుపుకు అప్పగించి వేచి ఉంటుంది. అది 7ను అట్టేపెట్టుకుని 4ను అప్పగిస్తుంది. 4ను పదితో భాగిస్తే సున్నా. ఇక పిలుపు లేదు, 4 పడుతుంది. అప్పుడు ఆగినచోటి నుండే 47 లేచి 7 వేస్తుంది, ఆ తరువాత 472 లేచి 2 వేస్తుంది. పేరు ఒకటే అయినా ఎవరి 'ఎన్' వారిదే. ప్రతి పిలుపుకూ స్టాక్ మీద వేరే గది. నేనేమో ఒకే 'ఎన్' తరిగి తరిగి ఒకటైపోతుందని ఇన్నాళ్ళూ భ్రమపడ్డాను. ఒకటి దగ్గర ఆగేలా నేనే రాసిన ఆ ప్రోగ్రాములో తొలి గుణకారం రెండుకీ ఒకటికీ మధ్య. ఐదు చివరిదాకా వేచి ఉంటుంది.

మర్నాడు కథ మళ్ళీ చెప్పాను. పుట్టలో వేలు పెట్టనని చీమకు మాటిచ్చి పిల్లవాడు ఏడుపు మానాడు. తల్లి అన్నం పెట్టింది. పాలేరు ఆవును తోలుకెళ్ళాడు. ఆవు మేసింది, మేటు తరిగింది, ఎండ తగిలింది. చేప ఎండేసరికి పిల్ల నిద్రపోయింది.