‘నన్ను కనుక్కోండి’

ఫ్రాన్స్‌లో ఓ బుల్లి ఊరు. అక్కడ దిగిన ఓ ఫొటో. ఫొటోలో ఓ జపాన్ మనిషి. ఆయన ఎవరో తేల్చడానికి పట్టిన కాలం... పద్నాలుగేళ్ళు!

అరచేతిలో ఇమిడే చిన్న అట్టముక్క. దాని మీద ఓ మనిషి ఫొటో. ఆయన వెనక యూరప్‌లోని ఏదో పాతకాలపు ఊరు. పక్కన జపనీస్ లిపిలో ఒకే ఒక్క మాట. దానర్థం... ‘నన్ను కనుక్కోండి’.

అంతే. పేరు లేదు, చిరునామా లేదు, ఫోను నంబరు అసలే లేదు. భూమ్మీదున్న వందల కోట్ల మందిలో ఈ ఒక్కడినీ వెతికి పట్టుకోవాలి. కార్డుకు పెట్టిన పేరే ‘బిలియన్ టు వన్’! 2006లో మొదలైన ఆ వెతుకులాట 2020 డిసెంబరు దాకా సాగింది. మనిషి సంగతి అలా ఉంచితే, ఆయన వెనకున్న ఊరు మాత్రం ఎక్కువకాలం దాక్కోలేకపోయింది. అంతమంది కళ్ళు ఒక్క ఫొటో మీద పడ్డాక ఇళ్ళనూ కప్పులనూ చూసి గుర్తుపట్టేవాళ్ళు లేకుండా పోతారా! ‘ఇది కైజర్స్‌బర్గ్’ అని తేల్చేశారు.

ఆట సంగతి తర్వాత. ముందు ఆ ఊరు చూసొద్దాం.

నాలుగుసార్లు దేశం మారింది

పారిస్‌లో టీజీవీ రైలెక్కితే సుమారు రెండున్నర గంటల్లో కోల్మార్‌లో దిగొచ్చు. అక్కణ్నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు బస్సు ప్రయాణం. దారికి అటూ ఇటూ ద్రాక్షతోటలే. వోజ్ కొండలు దగ్గరపడేకొద్దీ లోయ సన్నబడుతుంది. ఆ లోయ మొదట్లో, కొండకు ఆనుకుని ఉంటుంది కైజర్స్‌బర్గ్. పేరుకు అర్థం ‘చక్రవర్తి కొండ’. జర్మన్ పేరున్న ఊరు ఫ్రాన్స్‌లో ఏం చేస్తోందీ అనిపిస్తుంది ఎవరికైనా. ఆల్సేస్ ప్రాంతం కథే అంత. 1871లో జర్మనీ చేతికెళ్ళింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక మళ్ళీ ఫ్రాన్స్‌కు వచ్చింది. 1940లో మళ్ళీ జర్మనీ. రెండో ప్రపంచయుద్ధం చివర్లో తిరిగి ఫ్రాన్స్. ఉన్న ఇంట్లోంచి కదలకుండానే ఓ మనిషి తన జీవితకాలంలో నాలుగుసార్లు దేశం మారాడన్నమాట!

ఊరి మధ్యలోంచి వైస్ అనే చిన్న ఏరు పారుతుంది. ఏటి మీద 1514 నాటి రాతి వంతెన. దాన్ని వంతెన అనడం కన్నా బుల్లి కోటగోడ అనడం సబబు. శత్రువులొస్తే తుపాకులు పేల్చడానికి గోడల్లో కంతలున్నాయి. వంతెన నడుమ దేవుడికో చిన్న గూడు కూడా ఉంది. యుద్ధమూ ప్రార్థనా ఒకేచోట కానిచ్చేవారేమో! ఏటి ఒడ్డున కర్రల చట్రాల మధ్య గోడలు కట్టిన పాత ఇళ్ళు వరుసగా కనిపిస్తాయి. ఒకటి పసుపు, ఒకటి ఎరుపు, ఇంకోటి నీలం. కిటికీల నిండా పూలకుండీలు. పైన కొండ మీద శిథిలమైన కోట, దాని గుండ్రటి బురుజు. పావుగంట ఓపిగ్గా ఎక్కితే ఊరంతా కాళ్ళకింద కనిపిస్తుంది.

ఇళ్ళ కప్పుల మీద కొంగల గూళ్ళుంటాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కొంగలు వస్తే ఊరికి శుభమని నమ్మినట్టే ఆల్సేస్‌లోనూ నమ్ముతారు. 1970ల్లో అవి దాదాపు కనుమరుగైపోతే పట్టుబట్టి మళ్ళీ పెంచారు.

వంతెనకు దగ్గర్లోనే ఓ ఇల్లు. 1875 జనవరి 14న ఆల్బర్ట్ ష్వైట్జర్ పుట్టింది అందులోనే. ఆఫ్రికా అడవుల్లో, ఇప్పటి గాబన్‌లోని లాంబరెనెలో ఆసుపత్రి కట్టి నోబెల్ శాంతి బహుమతి అందుకున్న డాక్టరు. భారతీయ తత్వచింతన మీద ఆయన ఓ పుస్తకం రాస్తే, అందులోని వాదాలకు గట్టిగా జవాబు చెప్పింది అంతకుముందు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపకులపతిగా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్. ఇంత చిన్న ఊరి నుంచి వాల్తేరు దాకా ఓ దారం ఉందన్నమాట!

2017లో ఫ్రెంచి టీవీ ప్రేక్షకులు ఓట్లేసి ‘మా అభిమాన గ్రామం’గా ఎన్నుకున్నది ఈ ఊరినే. అప్పట్నుంచి పర్యాటకుల తాకిడి మరీ పెరిగింది. క్రిస్మస్ సంత రోజుల్లో వెళ్తే ఊరి కన్నా జనమే ఎక్కువ కనిపిస్తారు. వంతెన అందం చూడాలంటే బస్సులు రాకముందే, పొద్దున్నే వెళ్ళడం మంచిది. అలాంటి ఊళ్ళోనే, ఎవరికీ తెలియని ఓ రోజున, సతోషి ఆ ఫొటో దిగాడు.

ఆ పేరు ఆట నిర్వాహకులు తర్వాత దయతలచి చెప్పింది. మనిషి పేరు సతోషి. జపాన్‌లో ఆ పేరుతో మనిషిని వెతకడమంటే విజయవాడ బస్టాండులో నిలబడి ‘శ్రీనివాసరావుగారూ’ అని కేకేయడమే!

లేని నగరం... ఉన్న అడవి

ఇంతకీ ఏమిటా ఆట? పేరు ‘పర్‌ప్లెక్స్ సిటీ’. లండన్‌లోని మైండ్ క్యాండీ అనే సంస్థ 2005లో మొదలెట్టింది. ఇలాంటివాటిని ఆల్టర్నేట్ రియాలిటీ గేమ్స్ అంటారు. కంప్యూటర్ తెరలోనే అయిపోయే ఆటలు కావివి. కథ కల్పితం, కానీ దాని ఆధారాలన్నీ మన మధ్యే ఉంటాయి. ఎక్కడో పర్‌ప్లెక్స్ సిటీ అనే నగరం ఉందట. అక్కడివాళ్ళకు చిక్కుప్రశ్నలు విప్పడం కన్నా గొప్ప విద్య లేదట. వాళ్ళ పవిత్రమైన ఘనాన్ని ఎవరో దొంగిలించి తెచ్చి మన భూమ్మీద పాతిపెట్టారట. దాన్ని వెతికి తెచ్చినవాళ్ళకు లక్ష పౌండ్లు. బహుమతి మాత్రం ‘అట’ కాదు, నిజం!

ఆధారాలు కార్డుల్లో ఉండేవి. మొత్తం 256 కార్డులు. ఆరేసి చొప్పున మెరుపు కాగితం పొట్లాల్లో దుకాణాల్లో అమ్మేవారు. కార్డు రంగును బట్టి దాని కష్టం. కొన్నింటి మీద సిరా వేడి తగిలితేనే మారేది. ఆ నగరవాసులుగా నటించే పాత్రలు ఇంటర్నెట్‌లో డైరీలు రాసేవి, ఈమెయిలు పంపితే జవాబిచ్చేవి. ఒకడికి సంగీతం తెలిస్తే ఇంకొకరికి గూఢలిపి తెలుసు. మరొకరికి పాత పటాలు చదవడం వచ్చు. ఒక్కడి వల్ల కానిది పదిమందికీ చిటికెలో పని.

ఈ ‘పదిమంది’ సత్తా ఏమిటో అంతకు ముందే తేలిపోయింది. 2001లో స్పీల్‌బర్గ్ ‘ఏఐ’ సినిమా ప్రచారం కోసం ఇలాంటి ఆటే ఒకటి తయారుచేశారు. మూడు నెలలపాటు సరిపోతాయనుకున్న చిక్కుప్రశ్నల్ని మొదటిరోజే విప్పేసి కూర్చున్నారు ఆటగాళ్ళు! తయారుచేసినవాళ్ళకు నిద్ర పట్టలేదంటే ఆశ్చర్యమేముంది? 2004లో ‘ఐ లవ్ బీస్’ అనే మరో ఆటలో అంకెల రూపంలో ఇచ్చిన చోట్లు వెతుక్కుంటూ వెళ్ళి, అమెరికా అంతటా రోడ్డు పక్కన కాయిన్‌బాక్సు ఫోన్ల దగ్గర నిలబడ్డారు జనం. ఫోన్ మోగుతుంది, ఎత్తాలి. అటునుంచి కథలో తర్వాతి ముక్క వినిపిస్తుంది.

పర్‌ప్లెక్స్ సిటీ ఘనం దొరికింది 2007 ఫిబ్రవరి 2న. ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌షైర్‌లో వేకర్లీ గ్రేట్ వుడ్ అనే అడవిలో. ఒకప్పుడు రాజులు వేటాడిన రాకింగ్‌హామ్ అడవిలో మిగిలిన తునక అది. చలికాలపు తడిమట్టి తవ్వి ఆ ఘనాన్ని బయటికి తీసిన ఆటగాడికి లక్ష పౌండ్లు దక్కాయి. అప్పటి లెక్కన 85 లక్షల రూపాయల పైమాటే. మన దగ్గర గుప్తనిధుల పేరుతో పాత గుళ్ళనూ కోటలనూ పాడుచేసేవాళ్ళు ఈర్ష్యపడాల్సిన విషయం... ఇక్కడ తవ్వినవాడికి నిధి నిజంగానే దొరికింది! ఆధారాలు మాత్రం ఎందరో కలిసి విప్పినవి. బహుమతి ఒక్కడిది. అదేం న్యాయమని అడగొచ్చు. ఆడినవాళ్ళు అలా అనుకుంటే ఘనం దొరికిన రోజే కార్డులు అటకెక్కించి ఉండేవారు.

రెండో విడత ఆట ఉంటుందన్నారు గానీ 2007లోనే ఆ ఆలోచన ఆగిపోయింది. సంస్థ పిల్లల ఆటల వైపు వెళ్ళిపోయింది. బహుమతి అయిపోయింది, ఆట అయిపోయింది, అమ్మకాలు అయిపోయాయి. అయినా సతోషి కోసం వెతికేవాళ్ళు ఆగలేదు. ఆయన కోసమే ప్రత్యేకంగా వెబ్‌సైట్లు నడిపారు. పైసా రాదని తెలిసీ వెతకడం... ఈ కథలో అసలు వింత అదే.

మీదే ఊరండీ?

ఈ కార్డు వెనక ఓ సిద్ధాంతం ఉంది. భూమ్మీద ఏ ఇద్దరు మనుషుల్ని తీసుకున్నా మధ్యలో ఓ ఆరు పరిచయాలు చాలు, ఒకరి నుంచి ఒకరికి చేరుకోవచ్చు అన్నది దాని సారాంశం. 1929లో హంగరీ రచయిత కరింతి ఓ కథలో ఇలాంటి ఊహే చేశాడు. 1960ల్లో అమెరికా పరిశోధకుడు స్టాన్లీ మిల్‌గ్రామ్ ఉత్తరాలతో పరీక్షించి చూశాడు. నెబ్రాస్కాలో ఉన్నవాళ్ళు బోస్టన్ దగ్గరున్న ఓ షేర్ల వ్యాపారికి ఉత్తరం చేర్చాలి. నేరుగా పంపకూడదు. తమకు బాగా తెలిసినవాళ్ళ చేతికే ఇవ్వాలి, వాళ్ళు మరొకరికి. చేరిన ఉత్తరాలు సగటున ఆరు అంచెల్లోపే చేరాయి.

మనకిది సిద్ధాంతంలా అనిపించదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఎదురుబెర్తు ఆయన ‘మీదే ఊరండీ?’ అని మొదలెడతాడు. ‘తెనాలి దగ్గరండీ’ అంటే ‘అయితే ఫలానా మాస్టారు మీకేమవుతారు?’ అంటాడు. రైలు ఖాజీపేట దాటేలోపు మీ పిన్నిగారి తోడికోడలు ఆయనకు వరసకు చెల్లెలని తేలిపోతుంది. సతోషిని కూడా అలాగే పట్టుకోవచ్చనుకున్నారు. జపాన్‌లో ఉన్న స్నేహితుడికి ఫొటో పంపు, అతను ఆఫీసులో చూపిస్తాడు, అక్కడెవరో ‘అరె, ఈయన మా బావగారి క్లాస్‌మేట్’ అంటారు...

అనలేదు. ఏళ్ళ తరబడి ఎవరూ అనలేదు.

మిల్‌గ్రామ్ లెక్కలో అందరూ మర్చిపోయే సంగతి ఒకటుంది. ఆరు అంచెలన్నది చేరిన ఉత్తరాల సగటు. చాలా ఉత్తరాలు అసలు చేరనే లేదు! మధ్యలో ఎవరో ఒకరు బల్ల మీద పెట్టి మర్చిపోయారు. పరిచయాలు ఉండటం వేరు, వాటిని ఓపిగ్గా కదిలించడం వేరు. పైగా పర్‌ప్లెక్స్ సిటీ ఆటగాళ్ళకు అలవాటైన తెలివితేటలేవీ ఇక్కడ పనికిరాలేదు. గూఢలిపి అయితే విప్పొచ్చు. మనిషి ముఖాన్ని ఏం విప్పుతారు? ఊరు దొరికినా ఉపయోగం లేకపోయింది. ఏటా లక్షలమంది వచ్చిపోయే చోట, ఎప్పుడో వచ్చెళ్ళిన ఓ పర్యాటకుడిని ఎవరు గుర్తుంచుకుంటారు?

2020 డిసెంబరులో జర్మనీకి చెందిన ఓ ఆటగాడు కొత్త దారి పట్టాడు. ముఖం ఇస్తే దానికి సరిపోలే ఫొటోలను ఇంటర్నెట్‌లో వెతికి తెచ్చే సాఫ్ట్‌వేర్‌కు కార్డు మీది ముఖం చూపించాడు. ఓ జపాన్ మనిషి ఫొటో తెర మీదికొచ్చింది. ఆయనకే ఈమెయిలు పెట్టి అడిగితే, అవును, నేనే అన్నాడు. పద్నాలుగేళ్ళ దాగుడుమూతలు అలా ముగిశాయి.

వెతికినవాళ్ళు సంబరపడ్డారు. పడాల్సిందే. కానీ ఆ సంబరంలో కాస్త పుల్లదనం కూడా ఉంది. మనుషులు చేయీ చేయీ కలిపితే సాధ్యమని నిరూపించడానికి పెట్టిన చిక్కుప్రశ్న అది. చివరికి విప్పింది యంత్రం. కార్డు అచ్చయిన నాటికి అలాంటి సాధనం సామాన్యుడి చేతిలో లేదు. 14 ఏళ్ళు ఆగేసరికి వచ్చిపడింది. ఇంకో సంగతీ ఉంది. సతోషి తెలిసి, ఒప్పుకుని ఆటలో చేరిన మనిషి కాబట్టి సరిపోయింది. ఏ ఒప్పందమూ లేకుండా ఊరికే ఓ వంతెన పక్కన ఫొటో దిగినవాళ్ళ సంగతి? వాళ్ళ ముఖాలనూ అదే సాఫ్ట్‌వేర్ అంతే శ్రద్ధగా వెతుకుతుంది. ‘నన్ను కనుక్కోండి’ అని వాళ్ళు ఎవరినీ అడగలేదు.

పర్‌ప్లెక్స్ సిటీ పెట్టెలో ఇంకో కార్డు మిగిలే ఉంది. 1859లో రీమన్ అనే జర్మన్ గణితవేత్త ప్రతిపాదించిన ఊహను నిరూపించమంటుందది. ఇప్పటిదాకా ఎవరివల్లా కాలేదు. దానికి అమెరికాలోని ఓ గణిత సంస్థ 2000లోనే పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. ముఖాలు వెతికే సాఫ్ట్‌వేర్‌కు అక్కడేం పనిలేదు.

కైజర్స్‌బర్గ్‌లో మాత్రం ఏ మార్పూ లేదు. పొద్దున తొమ్మిదయ్యేసరికి కోల్మార్ నుంచి బస్సులొస్తాయి. వంతెన మీద జనం గుమిగూడతారు. వెనక ఇళ్ళు, ఏరు, కొండ మీది బురుజు అన్నీ పడేలా నిలబడి, పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషికి ఫోను అందిస్తారు... ‘ఒక్క ఫొటో తీస్తారా, ప్లీజ్?’