నాగులేట్లో స్నానం, రెంటచింతలలో కొవ్వొత్తి

నరసరావుపేటలో ఎక్కిన పల్లెవెలుగు కారంపూడి చేరేసరికి పొద్దెక్కింది. కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల తిరునాళ్లు ఐదు రోజులు. రాచగావు, రాయబారం అయిపోయాయి. నేను దిగింది మూడో రోజు, మందపోరు నాడు.

నాగులేటి గట్టంతా కొణతాలే. కొణతమంటే వీరుడి ఆయుధం. ఆ వీరులను కొలిచే వీరాచారవంతులు ఎక్కడెక్కడి నుంచో వాటిని మోసుకొస్తారు. నా ముందు ఒక నడివయసాయన ఇనుప మొనకు పసుపు పూసి, చంటిబిడ్డకు లాలపోసినట్టు దోసిళ్లతో నీళ్లు పోస్తున్నాడు.

"ఆయుధానికి స్నానమా అండీ?" అన్నాను.

"ఆయుధానిక్కాదు, మా తాతకి" అన్నాడు, కాస్త నొచ్చుకుని.

డప్పు దరువు మారగానే అతనే ఊగిపోయాడు. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో ఈ నేల మీద పడిపోయినవాళ్లు, ఇప్పుడు వీర్ల గుడిలో లింగాలై ఉన్నవాళ్లు, ఏడాదికోసారి మనిషి ఒంట్లోకి దిగుతారు. ఇక్కడివాళ్లకు ఇది నమ్మకం కూడా కాదు, చుట్టరికం.

మధ్యాహ్నం చాపకూడు. కులం చూడకుండా అందర్నీ ఒకే బంతిన కూర్చోబెట్టిన పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడి పేరున ఇప్పటికీ సాగే భోజనం. నాతో వచ్చిన రెంటచింతల మాష్టారు పుట్టు క్యాథలిక్. పప్పన్నం కలుపుతూ, "మా చర్చిలో ఇట్టా ఊగితే ఫాదర్ ఊరుకోడండీ" అని నవ్వారు.

నాకు కొరియా గుర్తొచ్చింది. అక్కడ ముదాంగ్ అనే పూజారిణి గుత్ అనే క్రతువు చేస్తుంది. జిందో దీవి వైపు జరిపే స్సిట్‌కిమ్‌గుత్‌లో చనిపోయినవారి ఆత్మకు నీళ్లతో స్నానం చేయిస్తారు. నాగులేరు చూశాక అదేమీ వింతగా తోచదు. ఆ దేశంలోనే యున్ జిచుంగ్ అనే క్యాథలిక్, పూర్వీకుల పేర్లున్న పలకలను తగలబెట్టి, తల్లికి పాత పద్ధతిలో కర్మ చేయనన్నందుకు 1791లో తల పోగొట్టుకున్నాడు. పితృకర్మల మీద 1742లో గట్టిగా బిగించిన నిషేధాన్ని రోము 1939లో సడలించింది. దాదాపు నూట యాభై ఏళ్లు ఆలస్యం.

గురజాల మీదుగా రెంటచింతల చేరేసరికి సందెవేళ. నవంబరు క్యాథలిక్కులకు మృతుల నెల. 2న సమాధుల పండుగకు వేసిన బంతిపూలు వాడిపోయి ఉన్నాయి. సున్నం గట్ల మీద మైనం చారలు.

"మావాళ్లు ఉత్తరించు స్థలంలో ఉంటారండీ. మన దగ్గరికి రారు. మనమే వాళ్లకోసం దేవుణ్ణి అడగాలి" అన్నారు మాష్టారు. 1563లో ట్రెంట్ మహాసభ ఖాయం చేసిన మాటే అది: స్వర్గానికి ముందు శుద్ధి పొందే ఆ ఆత్మలకు ఊతం మన ప్రార్థన, అన్నిటికన్నా మిన్నగా దివ్యబలి. కారంపూడిలో పోయినవాళ్లు మన దగ్గరికి వస్తారు. ఇక్కడ మన అర్జీ పైకి వెళ్తుంది.

అంతలో ఒక ముసలామె పక్క సమాధి దగ్గర చతికిలబడి కొవ్వొత్తి ముట్టించింది. సిలువ గుర్తు వేసుకుని, మట్టిగట్టును అరచేత్తో నిమిరింది.

"ఏమయ్యా, చిన్నోడికి సంబంధం కుదిరింది. పిల్లది నకరికల్లు."

కాసేపు ఆగింది, జవాబు కోసమన్నట్టు. మాష్టారు గొంతు సవరించుకున్నారు. ఏమీ అనలేదు.