యావచ్ఛక్తి: ఒక అసంపూర్ణ గిరిప్రదక్షిణ

పతంజలి మహర్షి యోగసూత్రాల సమాధిపాదంలో సాధనకు కలిగే అంతరాయాలు తొమ్మిదింటిని పేర్కొంటూ మొట్టమొదట వ్యాధిని నిలిపారు. సంశయం, ఆలస్యం, భ్రాంతి ఇవన్నీ దాని తరువాతివే. వ్యాసభాష్యం వ్యాధిని ధాతువుల, రసాల, ఇంద్రియాల వైషమ్యంగా నిర్వచించినది. వేదాంతచర్చలో మునిగిన సాధకులు ఈ క్రమాన్ని అంతగా పట్టించుకోరు. సంశయనివృత్తి కోసం వేయి పుటలు చదివినవారికి సైతం జ్వరం వచ్చిన మూడవనాటికి గాని ఆ పట్టికలో మొదటి మాట ఏదో జ్ఞప్తికి రాదు. అనకాపల్లి జిల్లా పాయకరావుపేటలోని ఒక గృహస్థుకు ఆ మాట 2024 వేసవిలో జ్ఞప్తికి వచ్చినది.

ఆయన ఉన్నత పాఠశాలలో గణితం బోధించి విశ్రాంతి పొందినవారు. ప్రతి సంవత్సరం ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహాచల గిరిప్రదక్షిణ చేయడం ఆయన నియమం. మహమ్మారి కారణంగా యాత్ర జరగని కాలాన్ని మినహాయిస్తే, 2011 నుండి 2023 వరకు 11 పర్యాయాలు ఆ నియమం అవిచ్ఛిన్నంగా సాగినది. కొండ దిగువన తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరాలి. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా అప్పూఘర్ వద్ద సముద్రతీరాన్ని చేరాలి. అక్కడ నుండి వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం, ప్రహ్లాదపురం దాటి మరల తొలిపావంచాకు రావాలి. మొత్తం 32 కిలోమీటర్లు. లక్షలాది జనులు నడుస్తారు, అత్యధికులు పాదరక్షలు లేకుండానే. సింహాద్రి అప్పన్నను కుడివైపున నిలుపుకొని మధ్యాహ్నం నుండి మరునాటి ఉషఃకాలం వరకు సాగే ఆ జనప్రవాహాన్ని చూసినవారికి ప్రదక్షిణశబ్దానికి వేరే వ్యాఖ్యానం అవసరం లేదు.

ఆయన సన్నాహం మాఘమాసంలోనే ఆరంభమయ్యేది. వేకువన లేచి తాండవ వంతెన దాటి తుని వీధులలోకి వెళ్లి రావడం, కొంతకాలానికి పెంటకోట సముద్రతీరం వరకు దూరం పెంచడం, ఉగాది దాటిన తరువాత ఒక ఆదివారం అన్నవరం వరకు నడిచి సత్యదేవుని దర్శించి బస్సులో తిరిగి రావడం పరిపాటి. వట్టికాళ్లతో నడకను చైత్రంలో మొదలుపెట్టేవారు. అరికాలి చర్మం గట్టిపడనిదే వేడిరోడ్డు మీద భక్తి నిలువదని ఆయన హాస్యం. గణితోపాధ్యాయుడు కనుక ప్రతిదినం నడిచిన దూరాన్నీ, పట్టిన కాలాన్నీ ఒక గళ్ల పుస్తకంలో వ్రాసుకొనేవారు. ప్రతి సంవత్సరానికి చివర ఒక గడి ఉండేది. అందులో ప్రదక్షిణ పూర్తి అయిన గంటల సంఖ్య.

2024లో అక్షయతృతీయ మే 10న వచ్చినది. స్వామి చందనం తొలగి నిజరూపంలో దర్శనమిచ్చే ఆ దినాన సింహాచలం వెళ్లాలనుకొన్నవారు ఇంట మంచం పట్టారు. పెద్దలు సన్నిపాతజ్వరం అనే టైఫాయిడ్. రెండు వారాలకు తగ్గినది. తగ్గిన ఎనిమిదవనాడు ఆయన తాండవ వంతెన వరకు నడిచారు, పదవనాడు దాటారు. జూన్‌లో జ్వరం మరల వచ్చినది. ఈ వ్యాధికి పునరావృత్తి స్వభావం ఉన్నదని వైద్యుడు ముందే చెప్పియున్నా, చెప్పినది తన విషయం కాదన్నట్లు విన్నారు. బంధువులు చూడవచ్చి ఇది భగవత్పరీక్ష అన్నారు. టైఫాయిడ్ కలుషితమైన నీటి వలన, ఆహారం వలన వ్యాపిస్తుంది. పరీక్ష అని భగవంతునిపై వేయడం సులభం, త్రాగిన నీరు ఎక్కడిదని విచారించడం కష్టం. మన సంభాషణలలో ఈ సౌకర్యం తరచు కనబడుతుంది.

జూలై మొదటి వారానికి జ్వరం వదలినది గాని శరీరం మిగలలేదు. ఏడు కిలోల బరువు తగ్గినది. మెట్లు ఎక్కితే గుండె దడ. గళ్ల పుస్తకంలో రెండు నెలల పుటలు శూన్యం. ఆయనను ఎక్కువగా బాధించినది ఆ శూన్యమే. అభ్యాసం దృఢభూమి కావాలంటే దీర్ఘకాలం, నైరంతర్యం, సత్కారం అనే మూడూ కావాలని యోగశాస్త్రం. వాటిలో నైరంతర్యం తెగిపోయినదని ఆయన దుఃఖం. లబ్ధమైన భూమిలో నిలువలేకపోవడాన్ని పతంజలి అనవస్థితత్వమని అంతరాయాలలో చివరగా చెప్పారు. ఒక్క జ్వరంతో పట్టికలోని మొదటిదీ చివరిదీ తనకే ప్రాప్తించాయని ఆయన మేనల్లునితో అన్నారు. ఆ మాటలో విచారంతో పాటు కొంత పాండిత్యగర్వం కూడా ఉన్నది.

నైరంతర్యం దేనికి? పాదాలకా, సత్కారబుద్ధికా? ఈ ప్రశ్న వేసుకొని ఉంటే ఆ శూన్యపుటలు వేరొక విధంగా కనబడియుండేవి. కాని రోగి మంచం మీద తత్త్వవిచారం చేయడం వ్రాసినంత సుకరం కాదు.

శాస్త్రంలో తనకు అనుకూలమైన వాక్యం దొరకవచ్చునని ఆయన చరకసంహిత తెరిచారు. చికిత్సాస్థానం మూడవ అధ్యాయం జ్వరచికిత్స. దొరికినది ప్రతికూలం. జ్వరముక్తుడు బలం పుంజుకొనే వరకు వర్జించవలసిన వాటిలో వ్యాయామం ఉన్నది, స్నానం ఉన్నది, చంక్రమణమూ ఉన్నది. అనగా నడకే. ముప్పదిరెండు కిలోమీటర్ల మాట అటుంచి, చరకుడు వీధి చివరి వరకు నడవడానికి కూడా అనుమతి ఇచ్చినట్లు లేదు. ఆయన ఆ భాగాన్ని పైకి చదివారు. వంటింటి గడపలో నిలిచిన భార్య విన్నది.

"ఏమండీ, ఆ మాట మీరే చదివి వినిపించారు. ఇక నేను చెప్పేదేముంది?"

అయినా ఆయనకు నిద్ర పట్టలేదు. ధర్మశాస్త్రంలో ముఖ్యకల్పం, అనుకల్పం అని రెండున్నాయి. విధి సంపూర్ణంగా ఆచరించడం ముఖ్యకల్పం. ఆపదలో, అశక్తిలో దానికి ప్రతిగా అనుమతించినది అనుకల్పం. ముఖ్యకల్పానికి సమర్థుడై ఉండి అనుకల్పాన్ని ఆశ్రయించినవానికి ఫలం లేదని మనుస్మృతి పదకొండవ అధ్యాయం నిష్కర్షగా చెబుతుంది. అక్కడే చిక్కు. సమర్థుడు ఎవరు, అసమర్థుడు ఎవరు అని నిర్ణయించేది ఎవరు? వైద్యుడు ఐదు కిలోమీటర్లకు మించవద్దన్నాడు. కాని వైద్యులు ఎప్పుడూ కొంత తగ్గించే చెబుతారు. శరీరం వద్దన్నది. కాని శరీరం ప్రతి మాఘమాసపు వేకువలోనూ వద్దనే అంటుంది. పదకొండు సంవత్సరాలు ఆ మాట వినకపోవడమే తపస్సు అయినది. ఇప్పుడు అదే శరీరం అదే మాట అంటున్నప్పుడు అది తమస్సో, సత్యమో తెలియడం ఎట్లు? భయం శరీరకంఠంతో మాట్లాడగలదు, గర్వం ధర్మకంఠంతో మాట్లాడగలదు. రెంటికీ వేషం తొలగించే బాహ్యప్రమాణం ఏదీ లేదు. శాస్త్రం అధికారిని వర్ణిస్తుంది గాని, ఆ అధికారి నీవేనా అన్నది చెప్పదు.

ఆ రాత్రులలో ఆయనకు 2020 జ్ఞాపకం వచ్చినది. ఆ ఆషాఢంలో ప్రదక్షిణ రద్దయినది. చతుర్దశి సాయంకాలం పూజాగృహంలో దీపం వెలిగించి, నిలిచినచోటనే మూడుమార్లు తిరిగి ఆత్మప్రదక్షిణ నమస్కారం చేశారు. ప్రతి పూజాంతంలోనూ చేసేదే. ఆ దినాన ఏ లోపమూ తోచలేదు. ఇంకను ప్రశాంతంగా నిద్రించారు. లోకమంతా ఆగినప్పుడు కలగని వెలితి, తానొక్కడే ఆగవలసి వచ్చినప్పుడు ఎందుకు కలుగుతున్నది? ఆ వెలితి స్వామిని గురించినదే అయితే రెండు సంవత్సరాలలోనూ సమానంగా ఉండాలి కదా. గణితం తెలిసినవారికి ఈ సమీకరణం అర్థం కావడానికి ఎక్కువ సమయం పట్టదు. అర్థమైన తరువాత అంగీకరించడానికే పట్టినది.

చివరకు వెళ్లడానికే నిశ్చయించారు, అయితే సంకల్పంలో ఒక మాటను ఆశ్రయించి. షోడశోపచార పూజాసంకల్పంలో యావచ్ఛక్తి అనే పదం ఉన్నది. ఎంత శక్తి ఉంటే అంత. నలభై సంవత్సరాలుగా ఉచ్చరించినా, అది అలంకారం కాదనీ ఒక పరిమితి అనీ ఆయన చెవికి ఎన్నడూ సోకలేదు. గోపాలపట్నంలో కాపురమున్న మేనల్లుడు తోడు రావడానికి ఒప్పుకున్నాడు. "మామయ్యా, నేను ఆగమన్నచోట ఆగుతానంటేనే" అన్నాడు. ఆయన ఆలోచించి, "నేను ఆగుతానన్నచోట నీవు బ్రతిమాలకుండా ఉంటేనే" అన్నారు.

జూలై 20, శనివారం. మధ్యాహ్నానికి ముందే తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టారు. రద్దీ పెరగకముందే బయలుదేరారు. అడవివరం దాటేవరకు పాత గుర్తులే. ముడసర్లోవ వద్ద పచ్చదనం మధ్య ఊపిరి కుదుటపడినది. అంతవరకు ప్రతి అర్ధగంటకు కూర్చున్నారు. మార్గమంతా స్వచ్ఛంద సేవకులు మంచినీరు, మజ్జిగ, పులిహోర పంచుతారు. కొందరు భక్తుల కాళ్లకు మందు రాసి ఒత్తుతారు. వెనుకటి పదకొండు యాత్రలలో ఆయన ఆ పందిళ్ల వద్ద ఆగినది లేదు. నీటిసీసా తనది తాను తెచ్చుకొనేవారు. పుచ్చుకోకపోవడం అపరిగ్రహమనుకొన్నారు. హనుమంతవాక దాటిన తరువాత మోకాళ్లు వణకడం మొదలైనది. విక్షేపంతో కూడి వచ్చే లక్షణాలలో పతంజలి అంగమేజయత్వమని చెప్పినది ఇదే. సూత్రంలో అది చిత్తానికి సంబంధించినదిగా కనబడుతుంది, రోడ్డు మీద మాత్రం అది కేవలం వణుకు.

ఒక పందిరి ప్రక్కన వృద్ధురాలు ఒకామె ప్లాస్టిక్ ముక్కాలిపీటను ఆయన వైపు జరిపినది.

"కూకో బాబూ. అప్పన్న ఏటి పారిపోతాడేటి?"

ఆయన కూర్చున్నారు. ఆమె ఇచ్చిన మజ్జిగ త్రాగారు. ఇంకొక గ్లాసు అడిగారు కూడా. నిజానికి ఆ రోజు జరిగిన వాటిలో ఆయనకు కష్టమైనది ఆ అడగడమే. ఇచ్చేవానిలోనే కాక పుచ్చుకొనేవానిలోనూ అహంకారం కరగవలసి ఉంటుంది. వానప్రస్థవయస్సులో ప్రవేశించినవారికి ఇది మొదటి పాఠం కావలసినది, సామాన్యంగా చివరిది అవుతుంది.

అప్పూఘర్ చేరేసరికి చీకటి పడినది. సముద్రస్నానం చేసేవారు చేస్తున్నారు. ఆయన స్నానం చేయలేదు. చరకుని ఆజ్ఞలో కనీసం ఒకటైనా పాటించినట్లయినది. ఇసుకలో కూర్చొని అరికాళ్లు చూసుకొన్నారు. చైత్రంలో గట్టిపడవలసిన చర్మం పొక్కులెత్తి ఉన్నది. ఇంకా సగానికి మించిన దూరం మిగిలినది. మేనల్లుడు మాట ప్రకారం ఏమీ అనలేదు. చాలాసేపటికి ఆయనే "నీవు వెళ్లిరా" అన్నారు. లేచి, కొండ ఉన్న దిక్కుకు తిరిగి నమస్కరించి, అలల చప్పుడులో నిలిచినచోటనే మూడుమార్లు తిరిగారు. మూడవసారి తూలితే మేనల్లుడు భుజం పట్టుకొన్నాడు.

పార్వతీపరమేశ్వరులకు ప్రదక్షిణ చేసిన గణపతి కథను ఇట్టి సందర్భాలలో ఉదాహరించడం ఆచారం. ఇక్కడ అది కుదరదు. గణపతి గెలిచాడు. ఈయన గెలవలేదు, ఓడలేదు కూడా. ఆటో ఎక్కి గోపాలపట్నం వెళ్లి నిద్రపోయారు.

తెల్లవారుఝామున మేనల్లుని కోసం తొలిపావంచా వద్దకు వచ్చారు. యాత్ర ముగించిన జనం కుంటుతూ, ఒకరినొకరు పట్టుకొని, అప్పన్న నామం పలుకుతూ వస్తున్నారు. తనకంటె వయసు మీరినవారున్నారు, చంటిబిడ్డను ఎత్తుకొన్న తల్లులున్నారు. అసూయ కలగలేదంటే అసత్యమవుతుంది. కలిగినది. కొంతసేపు ఉండినది. ఆ దినం పౌర్ణమి, స్వామికి చివరి విడత చందనసమర్పణ జరిగే దినం. అక్షయతృతీయనాడు మొదటి విడత, తరువాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలలో తక్కినవి, విడతకు మూడేసి మణుగులు. స్వామికి చందనరూపం నిండడానికి నాలుగు విడతలు, రెండు నెలలకు పైగా కాలం. ఆ రెండు నెలలే తాను మంచం మీద ఉన్నవి. పూత నిండనంత కాలమూ నిత్యపూజ ఆగదు, దర్శనం ఆగదు. ఇదంతా ఆయనకు చిన్ననాటి నుండి తెలిసినదే.

మేనల్లుడు ఆరుగంటలకు వచ్చాడు. ఎడమకాలు ఈడుస్తున్నాడు. "పన్నెండోది మీది లెక్కలో వేసుకోండి మామయ్యా, నేను నడిచాను కదా" అన్నాడు. ఆయన నవ్వి, సంచిలోని మజ్జిగసీసా అందించారు.

పాయకరావుపేటలోని ఇంట ఆ గళ్ల పుస్తకం ఇప్పటికీ ఉన్నది. 2024 చివరి గడిలో గంటల సంఖ్య లేదు. సముద్రం వరకు అని మాత్రం వ్రాసి ఉన్నది. దాని క్రింద, ఆగస్టులో ఒక తేదీ ప్రక్కన, తాండవ వంతెన, రానుపోను, 40 నిమిషాలు.