తలకట్టు ఎటుంటే అటు పైకి

సైన్సు విద్యార్థులు కూడా సావనీరుకు ఏదో ఒకటి రాయాలని సంపాదక మిత్రులు పట్టుబట్టారు. ఫిజిక్సు రాస్తే చదివేదెవరు? అందుకని బోర్డుల గురించి రాస్తున్నాను. దారి చూపే బోర్డులు. అయితే మన ఊళ్లో పెట్టేవి కావు, అంతరిక్షంలో మనుషులు కాపురముండే ఇళ్లలో పెట్టవలసినవి. నవ్వకండి. ఈ ఆలోచన నాకు ఒక దవాఖానలో పుట్టింది.

మా నాయనమ్మ కాలు జారి పడితే బాపూ నేనూ ఆమెను ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నాడు. చక్రాల కుర్చీ తోసుకుంటూ రెండంతస్తులు తిరిగాం. మా బాపు చదివింది అయిదో తరగతే గానీ, పహాణీలో మా చేను సర్వే నంబరూ, పక్కనుండే అ, ఆ బై నంబర్లూ అద్దాలు లేకుండా చదువుతాడు. అటువంటి మనిషి ఒక బోర్డు ముందు ఆగి, అక్షరాలు కూడబలుక్కుని, "బిడ్డా, ఇది తెలుగేనా?" అన్నాడు. "రేడియాలజీ విభాగము" అని ఉంది. అక్షరాలన్నీ తెలుగే, మాట మాత్రం ఆయనది కాదు. ఎక్స్‌రే అని రాస్తే మసక వెలుతురులో కూడా చదివేవాడు. "నాకేం తెలుస్తది, సదువుకున్నోనివి నువ్వే సూడు" అని పక్కకు జరిగాడు. తప్పు బోర్డుది, సిగ్గుపడింది మా బాపు. చివరికి మమ్మల్ని చేర్చింది నేల మీద గీసిన ఎర్రగీత.

2025 జూన్‌లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పటి వీడియోలు హాస్టల్లో అందరం చూశాం. మిగతావాళ్లు ఆయన తేలడం చూశారు, నేను గోడలు చూశాను. అడుగడుగునా చీటీలే! బరువు తెలియని చోట పైన, కింద అనేవి ఉండవు. ఒకరి కప్పు ఇంకొకరికి నేల. అందుకే అక్కడ ముందు, వెనుక, కుడి, ఎడమ, కప్పు, నేల అని ఆరు దిక్కులు పేరుపెట్టి స్థిరం చేసుకున్నారు. ఒక్కొక్క అరకు చిరునామా ఉంటుంది: గది పేరు, గోడకు ఒక అక్షరం, ఆపైన నంబరు. మా చేను సర్వే నంబరు లాంటిదేనన్నమాట.

1973లో అమెరికా పంపిన స్కైలాబ్‌లో ఒక భాగంలో పైకిందలు పట్టించుకోకుండా వీలైన గోడకల్లా పరికరాలు బిగించారు. వ్యోమగాములకు అది బొత్తిగా నచ్చలేదు. (1979లో నెత్తిన పడుతుందని మా ఊళ్లో మేకలు కోసుకు తిన్నారని నాయనమ్మ చెప్పే స్కైలాబ్ ఇదే.) మన ఓరుగల్లు కోటలో నిలబడితే కొంత అర్థమవుతుంది. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, దాదాపు ఒకేలా ఉంటాయి. ఏది తూర్పో పొద్దును చూసి చెప్పాలి. అంతరిక్ష కేంద్రంలో పొద్దు రోజుకు పదహారు సార్లు పొడుస్తుంది. దాన్నేం నమ్ముతాం?

దారి తప్పితే ఏమవుతుందంటారా? 1997 ఫిబ్రవరిలో రష్యన్ల మీర్ కేంద్రంలో ఆక్సిజన్ తయారుచేసే డబ్బా అంటుకుంది. లోపల ఆరుగురు. పొగ కమ్ముకుంది. తప్పించుకుపోవడానికి రెండు సోయూజ్ నౌకలుంటే, ఒకదాని దారికి మంటే అడ్డం. అటువంటి క్షణంలో ఎవరూ బోర్డును తీరికగా చదవరు. చిన్నప్పుడు పలక మీద దిద్దిన అక్షరమే ముందుగా కంటికి తగులుతుందని నా నమ్మకం.

ఇక అక్షరాల సంగతి. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో "నో" అని రాసి కాగితం తలకిందులు చేయండి. "ఆన్" అవుతుంది! మీట పక్కన అలా రాసి ఉంటే, తలకిందులుగా తేలుతున్నవాడి గతేమిటి? 6, 9 అంకెల పేచీ సరేసరి. నేను అట్టముక్కల మీద తెలుగు మాటలు రాసి, తిప్పి పట్టుకుని, వరండా చివర నుంచి రూమ్మేట్లతో చదివించాను. చాలామంది చదవలేకపోయారు. కానీ తప్పు చదివినవాడు లేడు. "అరే, ఉల్టా పట్టుకున్నవ్" అన్నారు. క, గ, త, మ, వంటివాటికి నెత్తిన తలకట్టు ఉంటుంది గదా, అది ఎటుంటే అటు పైకి. మన అక్షరం తన తల ఎటుందో తానే చెబుతుంది. ల, బ, జ, ణ లకు ఆ భాగ్యం లేదు. ఒత్తుల గొడవ వేరే ఉంది: దూరం నుంచి "స్త్ర" చూస్తే చీమల బారే. ద, ధ లకు తేడా ఒక చిన్న గీత, పొగలో అది మిగలదు. కాబట్టి ఒత్తులు తక్కువుండే చిన్న మాటలు ఎంచుకోవాలి. "నిష్క్రమణ ద్వారము" అని రాసేవాణ్ణి ముందు ఆ పొగలోకి పంపాలి.

నిజాం కాలేజీలో చదువుకున్న రాకేశ్ శర్మ 1984లో సల్యూట్-7కు వెళ్లడానికి రష్యన్ నేర్చుకున్నారు. అది పరుల ఇల్లు, తప్పదు. 2035 నాటికి మన సొంత అంతరిక్ష కేంద్రం కట్టాలని ఇస్రో సంకల్పం. దాని గోడల మీద ఏ అక్షరాలు రాస్తారు? కాజీపేట స్టేషన్లో పసుపు బోర్డు మీద నల్లగా మూడు భాషలు పడుతున్నాయి, అక్కడ పట్టవా?

సంక్రాంతి సెలవుల్లో ఈ అట్టముక్కలన్నీ బాపుకు చూపించాను. శ్రద్ధగా విన్నాడు. మంచం నవారు బిగిస్తూ, "అంతా మంచిగున్నది గని, ఆడ నేలనే లేదంటివి. మరి ఎర్రగీత ఎక్కడ గీస్తరు బిడ్డా?" అన్నాడు.

దాని గురించి ఇంకా బొమ్మలు గీస్తున్నాను.