అమ్మ చెల్లించిన మొక్కు

తూర్పు కనుమల చివరి గుట్టలు తీర మైదానంలోకి దిగివచ్చే చోట ఉన్నది అన్నవరం. ఒకవైపు మన్యం, మరొకవైపు కొద్ది క్రోసుల దూరంలో బంగాళాఖాతం. 2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిది. ఇప్పుడు కాకినాడ జిల్లాకు చెందినది. కార్తిక మాసంలోనో, పెండ్లి ముహూర్తాలలోనో ఈ ఊరిని చూచినవారికి ఇక్కడ నిశ్శబ్దమనేది ఒకటి ఉంటుందంటే నమ్మకం కలుగదు. మేము వెళ్ళినది ఆషాఢంలో. ముహూర్తాలు లేవు, మేళతాళాలు లేవు. సత్రాల గుమ్మాలలో కాపలాదారులు కునికిపాట్లు పడుతున్నారు. కొండ క్రింద పంపా జలాశయంపై మబ్బుల నీడలు మెల్లగా కదులుతున్నాయి.

మా నాన్నగారిది రామచంద్రపురంలో చిన్న కిరాణా దుకాణం. ఒకరికి బాకీ ఉండడమంటే ఆయనకు గిట్టదు. ఆయన పోయిన తరువాత అమ్మ లెక్కల పుస్తకం ముందు వేసుకొని, ఇవ్వవలసిన వారందరికీ నెల తిరగకుండా ఇచ్చివేసింది. చివరి పుటలో ఒక్క పద్దు మిగిలింది. దానికి ఎదురుగా అంకె లేదు. ‘అన్నవరం’ అన్న మాట మాత్రం ఉంది. నా పదేళ్ళ వయస్సులో టైఫాయిడ్ వచ్చినప్పుడు నాన్నగారు మొక్కుకొన్న సత్యనారాయణ వ్రతమది. ఒక ఏడు దుకాణంలో సరుకు, ఒక ఏడు అక్క పెండ్లి, ఒక ఏడు గోదావరి వరద. అట్లా వాయిదా పడుతూనే వచ్చింది. అన్నవరం వెళ్ళినప్పుడు అటునుంచి సముద్రం కూడా చూపిస్తానని ఆయన అమ్మకు మాట ఇచ్చారట. డెల్టాలో పుట్టి డెల్టాలోనే పెరిగిన మా అమ్మ అంతవరకు సముద్రాన్ని చూడలేదు.

వ్రతం తానే చేస్తానని అమ్మ చెప్పగానే మా మేనత్త నొచ్చుకొన్నది.

“దంపతులు కూర్చోవలసిన పీటల మీద నువ్వొక్కదానివి ఎలా కూర్చుంటావే? అబ్బాయికి పెళ్ళయ్యాక వాడూ కోడలూ చేస్తారులే.”

“వదినగారూ! కథలో లీలావతి వ్రతం చేసినప్పుడు ఆవిడ ప్రక్కన ఎవరు కూర్చున్నారండీ?” అన్నది అమ్మ.

అత్త బదులు చెప్పలేదు. ఒప్పుకొన్నదనీ చెప్పలేను.

కొండపైకి బస్సులు వెళ్ళే దారి ఉన్నా, అమ్మ మెట్లదారినే ఎన్నుకొన్నది. సుమారు 460 మెట్లు. మోకాళ్ళ నొప్పులతో ఆమె ఆగి ఆగి ఎక్కుతూ ఉంటే, నేను క్షేత్ర చరిత్ర చెబుతూ నడిచాను. మన దేవాలయాలలో అనేకం వందల ఏండ్ల నాటివి. ఇది మాత్రం మదరాసు, కలకత్తాలను కలిపే రైలుమార్గం ఈ ప్రాంతానికి వస్తున్న రోజుల నాటిది. 1891 ఆగస్టు 6న, ఖరనామ సంవత్సర శ్రావణ శుద్ధ విదియనాడు, ఇక్కడ స్వామి ప్రతిష్ఠ జరిగింది. గోర్స, కిర్లంపూడి సంస్థానాల ప్రభువు రాజా ఇనుగంటి వెంకట రామనారాయణిం బహద్దూరుకూ, ఈరంకి ప్రకాశమనే బ్రాహ్మణునికీ స్వామి కలలో కనిపించినాడనీ, వెదకగా అంకుడుచెట్టు క్రింద విగ్రహం దొరికినదనీ స్థలపురాణం.

ఆలయం నాలుగు చక్రాల రథం ఆకారంలో ఉంటుంది. క్రింది అంతస్తులో యంత్రం, పై అంతస్తులో స్వామి. స్తంభంలా నిలిచిన 13 అడుగుల మూర్తిలో అడుగుభాగం బ్రహ్మ, నడుమ శివుడు, పైన విష్ణువు. వెలుపల పిడపర్తి కృష్ణమూర్తిశాస్త్రిగారు 1943లో నిర్మించిన నీడ గడియారం ఉంది. మబ్బు పట్టి ఉండడంతో ఆనాడు అది మూగపోయింది.

వ్రత మండపంలో పీటలు వరుసగా వేసి ఉన్నాయి. పది పన్నెండు జంటలకు మించి లేరు. పురోహితులు మా దగ్గరకు వచ్చి, “వ్రతం ఎవరు చేస్తున్నారు?” అని అడిగారు. నేను నోరు విప్పేలోగా, “నేనేనండీ” అన్నది అమ్మ. ఆయన గోత్రం అడిగి, “కూర్చోండమ్మా” అని తరువాతి పీట వైపు కదిలారు. అంతే! నెలరోజులుగా మా ఇంట నలిగిన వివాదం అక్కడ అరనిమిషమైనా నిలువలేదు.

మూడవ అధ్యాయం వచ్చింది. మొక్కిన మొక్కును వాయిదా వేసిన వర్తకుడు అల్లునితో సహా పరదేశంలో చెరపాలయ్యాడు. ఇంట దొంగలు పడ్డారు. తిండికి లేని స్థితిలో భార్య లీలావతి, కూతురు కళావతి తామే వ్రతం చేశారు. ఆ ఘట్టం వినిపించినంతసేపు అమ్మ తల వంచుకొనే ఉన్నది. అక్షతలు పట్టుకొన్న చేయి మాత్రం వణుకుతున్నది. చిన్ననాటినుండి ఎన్నో పేరంటాలలో విన్న కథే అయినా, అందులో వ్రతం చేసినవారెవరో నేను ఆనాడే లెక్కపెట్టాను. బిచ్చమెత్తుకొనే బ్రాహ్మణుడు, కట్టెలమ్ముకొనేవాడు, దిక్కులేని తల్లీకూతుళ్ళు, అడవిలో గొల్లలు. ఆ గొల్లలిచ్చిన ప్రసాదాన్ని చిన్నచూపు చూచిన తుంగధ్వజ మహారాజుకే కష్టాలు వచ్చాయి. పీటమీద ఎవరు కూర్చోవాలన్న పట్టింపు కథలో కంటే మన ఇండ్లలోనే ఎక్కువ అనిపించింది.

ఎర్ర గోధుమనూక, పంచదార, నేయి, ఏలకులతో చేసిన వేడి ప్రసాదాన్ని విస్తరాకు పొట్లాలలో ఇచ్చారు. ఆ ఆకు మన్యపు అడవుల అడ్డతీగది. 1923 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు అన్నవరానికి దిగివచ్చినది కూడ ఆ మన్యం నుండే. ఆకు వాసన కలిస్తేగాని ఆ ప్రసాదానికి రుచి రాదని నా అభిప్రాయం.

మధ్యాహ్నం తొండంగి మీదుగా ఆటోలో తీరానికి వెళ్ళాము. ఆషాఢపు సముద్రం నల్లగా పొంగుతున్నది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఇసుకలో ఒక మత్స్యకార స్త్రీ కనులకు చేయి అడ్డం పెట్టుకొని నీళ్ళవైపే చూస్తున్నది. తెల్లవారుజామున వెళ్ళిన బోటు ఇంకా రాలేదట. అమ్మ పొట్లం విప్పి ప్రసాదం పెట్టబోయింది.

“ఉంచండమ్మా, మా ఆయన వచ్చాక తింటాను.”

“అలా కాదమ్మా. ముందు నువ్వు తిను. బోటుకు ఎదురెళ్ళే తొందరలో ప్రసాదం వదిలి వెళ్ళిన కళావతి ఎంత ఏడ్చిందో తెలుసా?”

ఆమె ఆ కథ ఎరుగునో లేదో, కళ్ళకద్దుకొని నోట వేసుకొన్నది. అమ్మ ఆమె ప్రక్కనే ఇసుకలో కూలబడింది. ఆటో అబ్బాయి రెండుసార్లు హారన్ కొట్టాడు. బోటు ఒడ్డుకు చేరేదాకా అమ్మ కదలలేదు. మేము ఎక్కవలసిన రైలు అప్పటికే అన్నవరం దాటిపోయింది.